కిటికీ కింద డ్రమ్ము

నా ముక్కు పనిచేయదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన రోజున చెప్పకపోవడం వల్లే ఇదంతా జరిగింది కాబట్టి, ఈసారైనా మొదటే చెప్పడం మంచిది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు తాండూరులో మా ఇంట్లో ముగ్గురమూ మంచం పట్టాం. నేను, నా భార్య, మాతోనే ఉండే మా అత్తమ్మ. అత్తమ్మ పోయింది, మేమిద్దరం లేచాం. వాసన అందరికీ పోయినట్టే నాకూ పోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగొచ్చింది, నాకు రాలేదు. ఉప్పు, కారం, పులుపు నాలుక మీద తెలుస్తాయి. అంతకు మించి ఏమీ తెలియదు. చారులో కొత్తిమీర వేసినా గడ్డి వేసినా నాకు ఒకటే.

అంతకు ముందు నా ముక్కంటే నాకు మహా గర్వం. గేటు దగ్గర చెప్పులు విడుస్తూనే, పొయ్యి మీద పప్పు ఇంకో నిమిషంలో మాడుతుందని చెప్పేవాణ్ని. "నీది కుక్క ముక్కయ్యా" అని నా భార్య నవ్వేది. అలాంటి ముక్కు పోయిందని ఎలా చెప్పుకోను? పైగా ఇంట్లో మనిషి పోయింది. ప్రాణం పోయిన ఇంట్లో ముక్కు పోయిందని ఏడ్చేవాడిని ఎవరైనా ఏమంటారు? అదే వస్తుందిలే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు మొదటినుంచీ బాగా వచ్చిన పని.

అత్తమ్మ గది ఇంటి వెనక ఉంది. దానికి పెరట్లోకి ఒక కిటికీ. అందులో ఒక మంచం, ఒక ఇనప పెట్టె, ఆమె కప్పుకునే గొంగడి. దినాలు అయిపోయాక నా భార్య రోజూ మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్లి కూర్చునేది. ఒకరోజు నన్ను పిలిచింది. గొంగడి నా మొహం దగ్గర పెట్టి, "చూడు, అమ్మ ఇక్కడనే ఉన్నట్టు లేదా" అంది. నేను గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. గొంగడి బొచ్చు మాత్రం ముక్కుకు గుచ్చుకుంది. అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "ఏ వాసన లేదు. నీకు గట్ల అనిపిస్తది గంతే" అన్నాను.

ఆమె గొంగడి మడతపెట్టి పెట్టెలో పెట్టింది. "నీకు మా అమ్మ బరువే ఉండె" అంది.

అది నిజం కాదు. పదకొండేళ్లు మా ఇంట్లో ఉంది అత్తమ్మ. కూరలో మంచి ముక్క ఎప్పుడూ నా పళ్లెంలోనే పడేది. కానీ నేనన్న మాట నేనే అన్నాను, దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ముక్కు సంగతి చెప్పాలి. ఈరోజు రేపు అనుకుంటూ ఉండగానే నా భార్య బదిలీకి పెట్టుకుంది. ఆమెది నర్సు ఉద్యోగం. నవాబుపేట వైపు పల్లెలు తిరిగే డ్యూటీ దొరికింది, వికారాబాదులో గది తీసుకుంది. మాకు పిల్లలు లేరు. వికారాబాదుకు రైల్లో గంట దారి. ఎవరైనా అడిగితే "ఉద్యోగం కద" అంటే సరిపోయేది. పోతూ పోతూ ఒక్క మాట మాత్రం తీసుకుంది. "గా గది తెరవకు. కిటికి గూడ తెరవకు. గాలి పోతే అమ్మ పోతది."

నేను తెరవలేదు. ఈ విషయంలో నన్ను వేలెత్తి చూపడానికి లేదనుకునేవాణ్ని. కిటికీ రెక్కల సందుల్లో పాత గుడ్డలు కూడా కుక్కాను.

రెండు నెలలకోసారి ఆమె వచ్చేది. మధ్యాహ్నం బండికి దిగి, చేతిసంచి హాల్లో పెట్టి, నేరుగా ఆ గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకునేది. అరగంట. నేను పెరటి మెట్టు మీద కూర్చునేవాణ్ని. బయటికి వచ్చాక టీ తాగేది, కరెంటు బిల్లు కట్టావా, బీపీ మందులు వేసుకుంటున్నావా అని అడిగేది, సాయంత్రం బండికి వెళ్లిపోయేది. ఆమె నా ఇంటికి వచ్చేది. నా దగ్గరికి కాదు. ఈ తేడా తెలియడానికి ముక్కు అక్కర్లేదు.

మొన్న ఈస్టరు అయ్యాక అలాగే వచ్చి వెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అమ్మ చేసిన తునకలు తిని ఎన్నేండ్లాయెనో" అంది. అది నాతో అన్నదో, తనలో తాను అనుకున్నదో నాకు తెలియదు. నాతో అన్నట్టే తీసుకున్నాను. నాలుగేళ్లలో ఆమె నోట ఒక కోరిక లాంటిది వినడం అదే మొదలు.

తునకలంటే ఎండబెట్టిన మాంసం. అత్తమ్మది మర్పల్లి దగ్గర పల్లె. మాంసాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా పట్టీల్లా కోసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, తీగ మీద చీరల్లా ఆరేసేది. ఎండాకాలమైతే ఎండే చూసుకుంటుంది. వానాకాలంలో ఆ తీగను పొయ్యి పైన కట్టేది. కింద నిప్పు, పైన పొగ, రెండు రోజుల్లో తునకలు నల్లబడి, విరిస్తే టక్కుమనేవి. మేం గ్యాసు పెట్టించుకున్నా ఆమె పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని తన పొయ్యి తాను చూసుకుంది. నేను కత్తి పట్టి కోసి ఇచ్చేవాణ్ని. నిప్పు దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు. "నీకు ఓపిక లేదు బిడ్డా, ఎక్కువ మంట పెడతవ్" అనేది.

అన్నట్టే, నాకు నిప్పు రాదు. నాకొచ్చింది బండ. పాలిషింగ్ యూనిట్లో బండలు వేరుచేసే పని నాది. వేలి ముడితో తట్టి, శబ్దం విని, ఏ బండలో లోపల చీలిక ఉందో చెబుతాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని.

జూన్ మొదట్లో యూనిట్లో పడి ఉన్న ఖాళీ ఆయిలు డ్రమ్ము ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఫోన్లో చూసి నేర్చుకున్న విద్య ఇది. గడ్డాలు పెంచిన తెల్లదొరలు తమ పెరళ్లలో డ్రమ్ముల్లో మాంసం పొగబెడుతూ, పసిపిల్లకు పాలు పడుతున్నంత మురిపెంగా మాట్లాడతారు. వాళ్ల మాట అర్థం కాకపోయినా చెయ్యి ఎటు పోతోందో అర్థమవుతుంది. వెల్డింగ్ షాపతను కింద నాలుగు బొక్కలు పెట్టి, వాటికి జరిగే రేకు మూతలు బిగించి, కట్టె వేయడానికి పక్కన ఒక చిన్న తలుపు కోసి, పైన మూతకు ఒక గొట్టం అతికించి, లోపల రెండు ఇనప జాలీలు నిలబెట్టి ఇచ్చాడు. కింది జాలీ మీద నిప్పు, పై జాలీ మీద మాంసం. "ఇదేందన్నా, సారా బట్టీయా" అని అడిగాడు. ఆదివారం వంట అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

మొదట డ్రమ్మును ఉత్తగా కాల్చాలి. లోపలి నూనె, బయటి రంగు అంతా మాడి రాలిపోయేదాకా పెద్ద మంట పెట్టాను. అక్కడివరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నా తెలివి చూపించాను. నిప్పు వేడి నిలవాలంటే అడుగున బండ పరవాలనిపించింది. తాండూరువాడికి ఏ కష్టమొచ్చినా బండే గుర్తొస్తుంది. మంచం కోడు కిందా బండే, నీళ్ల తొట్టికీ బండే, సమాధి మీదా బండే. మంచి పాలిషు బండ రెండు ముక్కలు కోయించి అడుగున సర్ది, పైన తుమ్మ మొద్దులు పేర్చి అంటించాను. అరగంటకు లోపల తుపాకి పేలినట్టు ఒక చప్పుడు, వెంటనే ఇంకోటి. మూత ఎగిరి పక్కన పడింది. పెచ్చు ఒకటి నా పిక్కకు తగిలి చీరుకుపోయింది. మా బండ పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్య తేమ ఉంటుంది, వేడికి అది ఊరుకోదు. ఈ మాట ఇరవై ఆరేళ్లుగా నేనే అందరికీ చెబుతున్నాను, పొయ్యి దగ్గర బండ పెట్టొద్దని. పక్కింటి అవ్వ గోడ మీదుగా తొంగి చూసి, "ఏం తమ్మా, బతికినవా" అంది.

ఆ అవ్వది సేడం వైపు ఊరు. మాటలో సగం కన్నడం. మాంసం ముట్టని ఇల్లు. నా ఆదివారాలకు ఆమె ఒక్కతే సాక్షి, అది కూడా ముక్కు మూసుకున్న సాక్షి.

డ్రమ్మును మొదట పెరటి చివర, ప్రహరీ మూల పెట్టాను. వానలు మొదలయ్యాక పడమటి గాలి పట్టింది. ఇంటి మీదుగా దూకి వచ్చి ఆ మూలన సుడి తిరిగేది. అలాంటి గాలిలో నిప్పును ఎవరూ నిలపలేరు. కింది బొక్కలన్నీ మూసినా ఎక్కడో ఒక సందు దొరికేది దానికి. కట్టె భగ్గున మండేది, పట్టీలు అంచుల్లో మాడి నడుమ పచ్చిగా ఉండేవి. మూడు ఆదివారాలు అలాగే పాడయ్యాయి. నాలుగో వారం డ్రమ్మును ఈడ్చుకొచ్చి ఇంటి గోడకు ఆనించి, అత్తమ్మ గది కిటికీ కింద పెట్టాను. అక్కడ గాలి లేదు. నిప్పు మాట వింది. ఎంత సంతోషించానో చెప్పలేను.

ఒకటి రెండు వారాలకు అవ్వ అంది, "తమ్మా, పొగ గోడకే కొడుతుంది చూడు." గోడకు కొడితే గోడకేమవుతుందిలే అవ్వా అన్నాను.

ఇక నేర్చుకోవడం అక్కడినుంచే. నిప్పు రాజేయడానికి కంది కట్టె. పంట కోశాక మిగిలిన ఎండు పుల్లలను మా దగ్గర పల్లెల్లో వాముల్లా పేర్చుకుంటారు, ఒక మోపు అడిగితే ఎవరూ కాదనరు. వాటిని పిడికెడు పిడికెడు విరిచి, నడుమ పిడక ముక్క పెట్టి అంటిస్తే చిటపటమని లేస్తుంది. ఆ మంట ఎక్కువసేపు ఉండదు. అది ఉన్నంతలోనే చేతిమందం తుమ్మ కట్టెలు అందించాలి. తుమ్మ అంటుకుని, మండి, మంట తగ్గి, ఎర్రటి నిప్పు మీద సన్నటి బూడిద పొర కప్పేదాకా మాంసం పెట్టకూడదు. ఇక్కడే అందరూ తొందరపడతారు. నేనూ పడ్డాను. ఆ తర్వాత అరగంటకొక్క కట్టె. ఆ కట్టెను కూడా ముందే డ్రమ్ము మూత మీద వేడెక్కనివ్వాలి. చల్లటి కట్టె వేస్తే నిప్పు అలుగుతుంది, తెల్లటి పొగ కక్కుతుంది. తెల్లటి పొగ తునకలకు చేదు పట్టిస్తుంది. పొగ సన్నగా, కనీ కనబడనట్టు, కాస్త నీలంగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. మంట పెట్టడం ఎవరికైనా వస్తుంది. మంట లేవకుండా నిప్పును నిలపడమే పని.

దొరలు పొగను వాసన చూసి ఆహా అంటారు. నాకు ఆ దారి లేదు గనక కళ్లూ చెవులూ చేతులూ వాడాను. మూతకు జానెడు పైన అరచెయ్యి పెట్టి లెక్కపెట్టేవాణ్ని. ఆరు దాకా ఓర్చుకోగలిగితే వేడి సరిపోయినట్టు. మూడుకే చెయ్యి లాక్కుంటే కింది బొక్క ఒకటి మూయాలి. డ్రమ్ము రేకును పుల్లతో తట్టి వినేవాణ్ని, బండలను తట్టినట్టే. చల్లారుతుంటే శబ్దం మారుతుంది. ఇది దొరలకు తెలియదు.

అన్నిటికన్నా కష్టం మూత తీయకుండా ఉండటం. తీసి చూస్తే వేడంతా పోతుంది, మళ్లీ గంట వెనక్కి. ఆదివారం చర్చి నుంచి వచ్చి పదకొండుకు అంటిస్తే సాయంత్రం ఐదు దాకా ఆ స్టూలు మీద కూర్చోవాలి. చేసేది ఏమీ లేదు, వదిలి వెళ్లడానికి లేదు. చర్చిలో జనం "అక్క రాలేదా" అని అడగడం మానేసి చాలా కాలమైంది. యూనిట్లో కుర్రాళ్లు "అన్నా, నీ దగ్గర పొగ వాసన" అంటే నవ్వేవాణ్ని. ఫోను మోగేది కాదు. నిప్పు ఒక్కటే నా అవసరం ఉన్నట్టు అరగంటకోసారి కాస్త తగ్గేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఆ తగ్గడం ఇష్టంగా ఉండేది. నేను లేస్తే తప్ప అది బతకదు.

వానాకాలం జ్వరాల డ్యూటీలని నా భార్య ఈస్టరు తర్వాత మళ్లీ రాలేదు. అదీ మంచిదే అనుకున్నాను. తునకలు కుదిరాకే తెలియాలి. చేసినవి నేనే తిని చూసుకునేవాణ్ని. ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది, విరిస్తే టక్కుమంటోంది. దసరా ముందు వారానికి నా దృష్టిలో పని పూర్తయింది. ఆ వారం ముసురు పట్టి కంది కట్టె తడిసి అంటుకోకపోతే, యూనిట్లో మిషన్లు తుడిచిన బనియను గుడ్డలు నాలుగు తెచ్చి పిడక కింద పెట్టి అంటించాను. యూనిట్లో టీ పొయ్యికి అందరూ చేసే పనే. భేషుగ్గా అంటుకుంది.

ఆ తునకలు స్టీలు డబ్బాలో సర్దుకుని మరునాడు మధ్యాహ్నం బండెక్కాను. వికారాబాదులో ఆమె గది మేడ మీద. నన్ను చూసి భయపడింది, "ఏమైంది" అంది. చెప్పకుండా ఎప్పుడూ వెళ్లలేదు మరి. ఏం కాలేదు, ఇదిగో అని డబ్బా చేతికిచ్చాను. మూత తీసింది. ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది, అది నేను చూశాను. ఆ వెంటనే డబ్బాను దూరం పెట్టింది.

"ఇది ఏం పెట్టి కాల్చినవ్?"

"కంది కట్టె. తుమ్మ."

"డీజిల్ కొడుతుంది."

"లేదే" అన్నాను.

"ముక్కు దగ్గర పెట్టుకొని చూడు."

పెట్టుకున్నాను. పీల్చాను. నాలుగేళ్లుగా అలవాటైన నటన ఒకటుంది నాకు, కళ్లు కాస్త చిన్నవి చేసి తల ఊపడం. ఊపాను. "అవు, జరంత ఉన్నట్టుంది" అన్నాను.

ఆమె నన్నే చూసింది. అది భార్య చూపు కాదు, నర్సు చూపు. లోపలికి వెళ్లి ఏదో తెచ్చింది. "కండ్లు మూసుకో" అంది. ముక్కు కింద ఏదో పెట్టింది. "ఇదేంది?"

ఏదో ఒకటి చెప్పాలి. "సబ్బు" అన్నాను.

కళ్లు తెరిస్తే ఆమె చేతిలో ఇంగువ డబ్బా ఉంది.

ఆమె మంచం మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. "ఎన్ని దినాల సంది?" అంది.

"అప్పటి సంది."

"అప్పటి సందంటే?"

"అమ్మ పోయినప్పటి సంది."

కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తూ తంటాలు పడుతున్నారు, అది అందుకునేదాకా ఇద్దరం దాన్నే విన్నాం. "గా దినం గొంగడి చూపిస్తే ఏ వాసన లేదంటివి" అంది చివరికి.

"నాకు రాలే. నిజంగనే రాలే."

"చెప్పొద్దా?"

"చెప్పాల్సింది" అన్నాను.

ఆమె ఏడ్చింది. నాకోసం ఏడ్చిందని అనుకోను. నాలుగేళ్లు నన్ను రాతిమనిషి అనుకుంటూ గడిపిన కాలం కోసం ఏడ్చి ఉంటుంది. లేచి మొహం కడుక్కుని వచ్చి నాకు అన్నం పెట్టింది. తింటూ డ్రమ్ము సంగతి చెప్పాను. నేను బయల్దేరేటప్పుడు, "వచ్చే ఆదివారం వస్త. గదిల జర సేపు కూసుంట. తర్వాత నీ డ్రమ్ము ఎట్లుందో చూస్త. అమ్మ ఎట్ల అంటిస్తుండెనో చూపిస్త" అంది. తిరుగు బండిలో నాకు సీటు దొరకలేదు. తాండూరు దాకా తలుపు దగ్గరే నిలబడి, చాలా కాలం తర్వాత, సంతోషంగా వచ్చాను.

ఆ వారమంతా ఇల్లు తుడిచాను. గది మాత్రం తెరవలేదు, మాట మాటే. ఆదివారం చర్చికి కూడా వెళ్లకుండా పదింటికే నిప్పు రాజేశాను, ఆమె వచ్చేసరికి నీలి పొగ మీద ఉండాలని. ఈసారి గుడ్డలు లేవు. ఎండు కంది కట్టె, పిడక, తుమ్మ. ఆమె మధ్యాహ్నం బండికి దిగి వచ్చింది. హాల్లో సంచి పెట్టి, పెరట్లో ఉన్న నావైపు ఒకసారి చూసి, చెయ్యి ఊపి, గదిలోకి వెళ్లింది. గడియ చప్పుడు కోసం చూశాను. వినబడలేదు.

రెండు నిమిషాలకే ఆమె గొంగడి చేతుల్లో పట్టుకుని పెరటి మెట్టు మీదికి వచ్చింది. డ్రమ్మును చూసింది. డ్రమ్ము గొట్టాన్ని చూసింది. అక్కడినుంచి ఆమె కళ్లు గోడ మీదుగా పైకి పోయాయి. నేనూ చూశాను. గొట్టం నుంచి కిటికీ పక్కగా ఒక నల్లటి చార పైకి పాకి, కిటికీ పైన ఉన్న వెంటిలేటరు జాలీ దగ్గర ఆగింది. జాలీ మొత్తం మసి. పాతకాలం ఇల్లు, ఆ వెంటిలేటరుకు అద్దం లేదు, రెక్క లేదు, సిమెంటు పూల జాలీ అంతే. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కిన పెద్దమనిషిని, పైన జానెడు బొక్క ఉందని తలెత్తి చూడలేదు.

అది కూడా పూర్తి నిజం కాదు. ఆ చారను నేను అంతకుముందే చూశాను. వెంట్రుకంత చీలికను పట్టే కళ్లు నావి. మసి అనుకున్నాను. క్రిస్మసుకు సున్నం వేయిస్తే పోతుందనుకున్నాను. ముక్కున్న మనిషికి మొదటి వారమే తెలిసేది.

"గొంగడి పెట్టెలనే ఉండె గద" అన్నాను.

"పెట్టెల గూడ పొగే. చీరలకు గూడ. అంత పొగే."

"నేను గది తెరవలే."

"తెరవలేదని నాకెరుక" అంది.

తిడితే బాగుండేది. తిట్టలేదు. మెట్టు మీద కూర్చుని గొంగడిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అంచూ తిప్పి తిప్పి చూసింది, ఎక్కడైనా ఓ మూలన మిగిలి ఉందేమోనని. నేను దగ్గరికి వెళ్లలేకపోయాను. అత్తమ్మను ఆసుపత్రి నుంచి అటే సమాధికి తీసుకెళ్లారు, నా భార్యకు తల్లి మొహం చివరిసారి చూపించలేదు. మిగిలింది ఆ గది. దాన్ని నేను మూడు నెలలు, ఆదివారం ఆదివారం, కట్టె తర్వాత కట్టె వేసి, ఎంతో ఓపికగా తుడిచిపెట్టాను. ఆమె కోసమే చేస్తున్నాననుకుంటూ చేశాను. ఇంతకన్నా ఒంటరిగా నేను ఎప్పుడూ లేను, అంతకు ముందు ఆ ఇంట్లో ఒక్కడినే ఉన్న రోజుల్లో కూడా.

కాసేపటికి అడిగాను, "ఎట్లుండె ఆ వాసన?"

ఆమె ఆలోచించింది. "నొప్పుల మందు. వక్క. తలకు పెట్టుకునే నూనె." తల అడ్డంగా ఊపింది. "అవి కాదు. అవి కొనుక్కొచ్చి కలిపితే రాదు."

"నాకు అప్పుడే తెలిసుంటే..."

"తెలిసుంటే ఏమైతుండె. ఎప్పటికైనా పోయేదే. నేను వచ్చిన ప్రతిసారి కొంచెం తక్కువ ఉంటుండె. నీకు చెప్పలే" అంది.

అంటే ఆమె కూడా ఒకటి చెప్పలేదు. అది నాకు ఊరట కాలేదు. నేను చేసింది చేసిందే.

అప్పుడు ఆమే తలెత్తి, "పొగ తెల్లగైంది, చూస్కో" అంది. నిజమే, నేను కట్టె సంగతి మరిచిపోయాను, నిప్పు కుమిలిపోతోంది. కింది బొక్క తెరిచాను. సరిపోలేదు. ఆమె గొంగడి మెట్టు మీద పెట్టి వచ్చి, నా చేతిలో పుల్ల తీసుకుని, పక్క తలుపు తెరిచి, నిప్పులను ఒక పక్కకు కుప్పగా జరిపి, నడుమ సందు చేసి, రెండు కంది పుల్లలు ఆ సందులో నిలబెట్టింది. "నిప్పుకు నడుమ జాగ ఇయ్యాలె. నువ్వు మొత్తం కప్పేస్తవ్" అంది. పుల్లలు అంటుకున్నాయి. పొగ సన్నబడింది. తలుపు మూసేసింది.

ఆ తర్వాత ఇద్దరం డ్రమ్ముకు చెరో పక్క కూర్చున్నాం. నేను చెయ్యి పెట్టి లెక్కపెడుతుంటే చూసి, ఏంటది అని అడిగింది, చెప్పాను. నాలుగున్నరకు మూత తీసి ఒక తునక విరిచి నోట్లో వేసుకుంది. నేను ఆమె మొహం వైపు చూడకుండా నిప్పు వైపు చూశాను.

"అమ్మ చేసినట్టు లేదు" అంది. నమిలి మింగాక, "బాగున్నది" అంది.

స్టేషనుకు నడిచి వెళ్లాం. సంచిలో తునకల డబ్బా, చంకలో గొంగడి. దాన్ని తీసుకెళ్లి ఏం చేస్తావని నేను అడగలేదు. ప్లాట్‌ఫారం మీద బండి కోసం చూస్తూ, "నన్ను క్షమించు" అన్నాను. బండి వచ్చి ఆగింది, జనం దిగారు. ఆమె ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, నా వైపు తిరిగింది.

"రేపు సెలవు పెట్టు. వికారాబాదుకు రా. ముక్కు డాక్టరుకు చూపిస్త."

"నాలుగేండ్లాయె. ఇప్పుడు చూపిస్తే వస్తదంటవా?"

"రాదనుకుంట" అంది. "అయిన నువ్వు రా."